నా కుడికాలు, ఒక బేస్‌బాల్ జట్టు

ఇరవై ఆరేళ్ళ వయసులో మనిషి చాలా విషయాలకు తానే కారణమని అనుకుంటాడు. ఆ రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక వేసవి చివర్లో అయితే ఒక బేస్‌బాల్ జట్టు గెలుపోటములు నా కుడికాలి మీద ఆధారపడి ఉన్నాయని నమ్మాను. నమ్మింది నేనొక్కణ్ణే అయితే ఇది చెప్పుకోవలసిన సంగతి కాదు. బట్టల మిల్లులో ముప్పై నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన పాతిక ముప్పై మంది పెద్దవాళ్ళు నాకంటే గట్టిగా నమ్మారు. వాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. అందువల్ల ఇది చెప్పడానికి నాకు ఎవరి అనుమతీ అక్కరలేదు. తప్పు చెబితే సరిదిద్దేవాళ్ళు కూడా లేరు.

నార్త్ కరోలినాలో, ఇప్పుడు మనవాళ్ళు ఎగబడి ఇళ్ళు కొనుక్కుంటున్న క్యారీకి గంట దూరంలో, ఒక మిల్లు ఊళ్ళో ఉండేవాణ్ణి. ఎనభైల మొదటి సంవత్సరాలు. మిల్లు అప్పటికే మూతపడింది. అందులోని మగ్గాలను ఎవరో కొని, విడగొట్టి, ఓడల్లో వేరే దేశాలకు పంపుతున్నారు. విడగొట్టేముందు ఏ భాగం ఎక్కడ ఉందో డ్రాయింగులు గీయాలి. అదే నా మొదటి ఉద్యోగం. (ఆంధ్రాలో ఒక డిగ్రీ, అమెరికాలో ఇంకో డిగ్రీ చదివి, చివరికి ఒక మిల్లుకి శవపంచనామా రాస్తున్నానని మా డాక్టర్ ఎగతాళి చేసేవాడు.) డాక్టర్ అంటే వైద్యుడు కాదు. వరంగల్ నుంచి వచ్చి యూనివర్సిటీలో ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్న స్నేహితుడు. అది పూర్తయ్యే సూచనలు కనబడక ముందుగానే ఆ పేరు పెట్టేశాం. శనివారాలు నా దగ్గరికి వచ్చి, వంట చేసి, తిని, మిగిలింది డబ్బాలో పెట్టుకుని పోయేవాడు.

నేను అద్దెకున్న మేడగది ఒక ముసలాయనది. ఆ మిల్లులోనే నలభై ఏళ్ళు మగ్గాలు బాగుచేసినవాడు. తన చేతి కింద నడిచిన మగ్గాలనే నేను విప్పదీయిస్తున్నానని తెలిసీ గది ఇచ్చాడు. మొదటిరోజే నేను ఆ మాట ఎత్తి ఏదో సంజాయిషీ చెప్పబోతే, ఎవరో ఒకరు చేయవలసిన పనే కదా, నీ గీత నీటుగా ఉందని విన్నాను అని ఊరుకున్నాడు. మార్చిలో ఆయన భార్య పోయింది. నేను చేరింది మేలో. ఆవిణ్ణి నేను చూడలేదు. వంటింటి కిటికీలో ఆవిడ కళ్ళజోడు ఇంకా అలాగే ఉండేది, దాని పక్కన కుండీలో ఒక మొక్క ఎండిపోయి ఉండేది, రెండింటినీ ఆయన కదిలించేవాడు కాదు.

కారు ఆవిడే నడిపేదట. ఈయనకి కళ్ళలో శుక్లాలు. లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. జూన్‌లో ఒక సాయంత్రం మెట్లకింద నిలబడి, నీకు పనేమీ లేకపోతే నన్ను ఆటకి తీసుకెళ్తావా అని అడిగాడు. నాకు పనేమీ లేదు. ఆ ఊళ్ళో ఎవరికీ పనేమీ లేదు. అలా నేను ఆయన డ్రైవర్నయ్యాను. దారిలో ఆయన పాత మైదానాల గురించి చెప్పేవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ప్రతి మిల్లుకీ ఒక జట్టు, ఒక మైదానం ఉండేవట. ఒక ఊళ్ళో ఎడమవైపు గుట్ట ఉండేదట, ఫీల్డరు బంతి కోసం ఎగువకి పరిగెత్తి ఆయాసంతో కూలబడేవాడట. ఇంకో ఊళ్ళో కంచె అవతల రైలు పట్టాలు. ఒకసారి బంతి వెళ్ళి బొగ్గు వ్యాగన్‌లో పడి, ఎక్కడా ఆగకుండా వర్జీనియా వెళ్ళిపోయిందట. మూడో ఊళ్ళో దీపాలు ఎంత మసకంటే, ఎత్తుగా లేచిన బంతి ఎక్కడుందో కింద పడిన చప్పుడును బట్టి తెలుసుకునేవాళ్ళట. ఇవన్నీ ఆయన నవ్వకుండా చెప్పేవాడు. చెప్పి, ప్రతిదాని చివరా, అది కూడా పోయింది అనేవాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళలో కూర్చుని పోయిన బంధువుల పేర్లు తలుచుకునే పద్ధతి అదే. నేను ఊఁ కొడుతూ నడిపేవాణ్ణి.

మా ఊరి మైదానం మిల్లువాళ్ళు కట్టించినదే. చెక్క మెట్లు, చెక్క కుర్చీలు, రేకుల కప్పు, కాళ్ళకింద పగుళ్ళిచ్చిన సిమెంటు. జట్టు చిన్న లీగుది. పైకి పోవాలని ఆశపడే పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు, కిందికి జారుతున్న ముప్పై ఏళ్ళవాళ్ళు కలిసి ఆడేవారు. స్థలం అమ్ముడుపోయింది. సీజన్ అయిపోగానే కూలగొడతారని అందరికీ తెలుసు. లీగులో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు ఇంకో వారం ఫైనల్స్ ఆడతాయి. ఆగస్టు మధ్యకి మాది మూడో స్థానం, రెండోవాళ్ళకి బాగా దగ్గర. అంటే రెండో స్థానానికి ఎక్కితే ఈ మైదానానికి ఇంకో వారం ఆయుష్షు. లేకపోతే మామూలు సీజన్ ఆఖరి ఆదివారంతోనే సరి. ఆ లెక్క ముసలాయన నాకు చాలాసార్లు చెప్పాడు. గెలవాలని ఉంది అని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఇంకో వారం అనేవాడు.

ఆయనకి రెండు సీట్ల పాస్ ఉండేది, తనదీ భార్యదీ. నేను మూడో సీటుకి టికెట్ కొనుక్కుని ఇవతల కూర్చునేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఖాళీ సీటు. దాని మీద ఆవిడ స్కోరు పుస్తకం పెట్టేవాడు. అట్ట గోధుమరంగుది, అంచులు చెమటకి నల్లబడ్డాయి. ఇరవై ఏళ్ళపాటు ప్రతి ఆటనీ, ప్రతి బంతినీ ఆవిడ పెన్సిలుతో గళ్ళలో రాసిందట. ఇటువంటివి ఇంట్లో పెట్టెనిండా ఉన్నాయి. ఇది చివరిది, సగం ఖాళీ. ఆయన అందులో రాసేవాడు కాదు, నన్ను రాయమనేవాడు కాదు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆట మొదలయ్యేముందు పెట్టడం, అయ్యాక తీసుకోవడం, అంతే.

మా వెనక వరసలో ఒక పెద్దావిడ కూర్చునేది. నేను ఆవిడకి గంటమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవు మెడలో కట్టే పెద్ద గంట ఒకటి ఒళ్ళో పెట్టుకుని, మనవాళ్ళు రన్ చేసినప్పుడల్లా వాయించేది. (మగ్గాల హోరులో జీవితమంతా గడిపినవాళ్ళకి సగానికి సగం చెవుడు. అందుచేత మిల్లువాళ్ళంతా కూర్చునే ఆ సెక్షన్‌లో అంత గంట అవసరమే. నా చెవి సరిగ్గా దాని ముందుండటం నా ఖర్మ.) నన్ను హనీ అని పిలిచేది. అందరినీ అలాగే పిలుస్తుందని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఆగస్టులో జట్టు వరసగా ఆరు ఆటలు ఓడింది. ఏడో ఆటలో కూడా ఓడిపోతూ ఉండగా, నేను ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనడానికి వెళ్ళాను. (ఆ దేశంలో అమ్మే తిండిపదార్థాల్లో నాకు ముందే తెలిసినది అదొక్కటే.) పొట్లం రెండు చేతులతో పట్టుకుని వరసలోకి వస్తుంటే కుడికాలి కింద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే ఆవిడ పుస్తకం. సీటు మీద నుంచి ఎప్పుడు జారిపడిందో పడింది. చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు కదా, ఆలోచించే పని లేదు. పొట్లం సీటులో పడేసి, వంగి పుస్తకం తీసి, రెండు కళ్ళకీ అద్దుకుని, సీటు మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే బ్యాట్ చప్పుడైంది. తల ఎత్తేసరికి బంతి కంచె దాటి చెట్లలో పడింది. బేస్‌ల మీదున్న ఇద్దరితో కలిపి మూడు రన్‌లు. ఆట గెలిచాం.

గంటమ్మ గంట వాయించడం మాని నన్ను చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు నేను కూర్చోగానే వెనకనుంచి భుజం తట్టి, నిన్న చేసింది మళ్ళీ చేయమంది. ఏం చేశానో నాకే గుర్తులేదు. ఆవిడ చేతులు రెండూ కళ్ళకి ఆనించి చూపించింది. నాకు సిగ్గేసింది. సరదాకి ఆ రోజు ప్రోగ్రాం కాగితం తీసుకుని కళ్ళకద్దుకున్నాను. ఓడిపోయాం. అప్పటికి సెక్షనంతా సంగతి పాకింది. చుట్టూ మూగి విచారణ జరిపారు. మగ్గంలో ఒక దారం తెగితే ఎక్కడ తెగిందో వెతికే జాతి వాళ్ళు. ఒక్కొక్క అడుగూ వెనక్కి నడిపించి, కాలు తగలకుండా కళ్ళకద్దుకున్నావు, అందుకే పని చేయలేదు అని తేల్చారు. వరస తప్పకూడదు. ముందు కాలు, తరవాత కళ్ళు.

ఇక్కడ నేను ఒక తెలివితక్కువ పని చేశాను. నిజం చెప్పాను. పుస్తకం అంటే మాకు చదువుల తల్లి అని, పొరపాటున కాలు తగిలితే క్షమించమని కళ్ళకద్దుకుంటామని, కావాలని తొక్కి కళ్ళకద్దుకుంటే అది క్షమాపణ కాదు, వేళాకోళం అవుతుందని, అందువల్ల ఇది అడిగితే చేసే పని కాదని విడమరిచి చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు. నేను ఆ మాటతో విషయం ముగిసిందనుకున్నాను. గంటమ్మ కాసేపు ఆలోచించి, "అయితే హనీ, నీకు తెలియకుండా జరగాలి. అంతేగా?" అంది.

మర్నాటి నుంచి నా బతుకు మారిపోయింది. నేను నడిచే దారంతా కాగితాలు. మెట్ల మీద ప్రోగ్రాంలు, మలుపులో పాత వార్తాపత్రికలు, మరుగుదొడ్డి గుమ్మం దగ్గర మెయిల్ ఆర్డర్ కేటలాగు. ఎవరు ఎక్కడ పెట్టారో నాకు చెప్పకూడదన్నది నియమం. రిటైరైన ఓవర్‌సీర్ ఒకాయన, మిల్లులో మూడు వందల మందితో పని చేయించినవాడు, చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఏమీ ఎరగనట్టు ఆకాశం చూసేవాడు. ఆయన ఆకాశం చూస్తున్నాడంటే ఆ చుట్టుపక్కల ఏదో పడి ఉందన్నమాట. నేను కింద చూసుకుంటూ నడిస్తే అందరి ముఖాలూ మాడిపోయేవి. పైకి చూస్తూ నడిస్తే కావాలని చూడనట్టు. మధ్యేమార్గంగా ఎదురుగా చూస్తూ నడిచేవాణ్ణి. కాలి కింద కాగితం చప్పుడు కాగానే సెక్షనంతా ఊపిరి బిగబట్టేది. నేను వంగి తీసి కళ్ళకద్దుకోగానే గంట మోగేది. ఆ వారం అయిదు ఆటల్లో నాలుగు గెలిచాం.

ఆ శనివారం డాక్టర్ ఉల్లిపాయలు తరుగుతుండగా ఈ సంగతంతా చెప్పి, ఇది తప్పా కాదా అని అడిగాను. నాకు నిజంగానే బెంగగా ఉంది. చిన్నప్పుడు పరీక్షలముందు పలకకి కాలు తగిలిందని ఏడ్చినవాణ్ణి.

వాడు కత్తి ఆపలేదు. "చూసి తొక్కినవనుకో, పాపం. చూడక తొక్కినవనుకో, పొరపాటు. చూడొద్దని చూడక తొక్కినవంటే అది మన శాస్త్రంల లేదు రా. లాయర్‌ని కలువు" అన్నాడు.

"జోకులు కాదురా."

"జోక్ ఏంది? నువ్వు సైంటిస్టువి. కంట్రోల్ ఎక్స్‌పెరిమెంట్ చేసినవా? ఒక వారం తొక్కకుండ చూడు."

"ఓడిపోతే?"

అప్పుడు కత్తి ఆపి నా మొహంలోకి చూశాడు. "నువ్వు గూడ నమ్ముతున్నవురా" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు నవ్వాడు. మరుసటి వారం నుంచి తనూ ఆటకి వచ్చి, నాకు కనబడకుండా నా దారిలో తన థీసిస్ చిత్తుకాగితాలు వేసేవాడు. వాటికి అంతకంటే మంచి ఉపయోగం దొరకలేదని చెప్పేవాడు.

ఇంత జరుగుతున్నా ముసలాయన ఒక్క మాట అనలేదు. గంటమ్మ ఒకసారి ఆవిడ పుస్తకాన్నే దారిలో పెడితే ఇంకా బాగా పనిచేస్తుందని, మొదట పనిచేసింది అదే కదా అని సూచించింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అంతే. గంటమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు ఇంటికి వస్తుంటే కారులో ఆయన, నువ్వు అలా చేసేటప్పుడు లోపల ఏమని అనుకుంటావు అని అడిగాడు. తప్పయిందని అనుకుంటాను అన్నాను. ఎవరితో అన్నాడు. పుస్తకంతో అన్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ, ఆవిడ చేతులు కడుక్కోకుండా దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు అన్నాడు. నాకు అప్పుడు తోచింది, ఆ పుస్తకం మీద నా కాలు పడినరోజు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో నేను అడగనేలేదని. ఇప్పుడు అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఆ వయసులో నేను చాలా విషయాల్లో అలాగే ఊరుకునేవాణ్ణి.

ఆఖరి ఆదివారం నాటికి రెండో స్థానం జట్టుతో సమానమయ్యాం. ఆఖరి ఆట వాళ్ళతోనే, మా మైదానంలో, మధ్యాహ్నం రెండింటికి. గెలిచినవాళ్ళకి ఇంకో వారం.

మామూలు రోజుల్లో రెండొందల మంది వచ్చే చోటికి ఆ రోజు రెండువేల మంది వచ్చారు. కూలగొట్టబోతున్నారని పేపర్లో చదివి, ఇరవై ఏళ్ళుగా అటువైపు రానివాళ్ళు కూడా కెమెరాలతో వచ్చారు. గంటమ్మ ఏర్పాట్లన్నీ పాడైపోయాయి. తను వేసిన కాగితాలను వందల మంది తొక్కి ఎక్కడెక్కడికో తన్నేశారు. నేను జనంలో నలుగుతూ సీటు చేరేసరికి నా కాలికి ఒక్క కాగితం తగల్లేదు, పక్కవాళ్ళ కాళ్ళు తప్ప. గంటమ్మ ముందుకి వంగి, తగిలిందా అంది. లేదన్నాను. ఆవిడ గంట ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. మధ్యలో రెండుసార్లు నన్ను వేరుశనక్కాయలకి పంపించారు, దారిలో ఏదైనా తగలకపోతుందా అని. తగల్లేదు. పొట్లాలతో తిరిగొచ్చాను. ఎవరూ తినలేదు.

ఎండ రేకుల మీద నుంచి దిగి మొహాల మీదికి వచ్చింది. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే చివరిది. మనం ఒక్క రన్ వెనక. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొకడు ఔటైతే అయిపోయినట్టే. రెండో బేస్ మీద మనవాడొకడున్నాడు, ఒక మంచి హిట్ పడితే వచ్చేస్తాడు. బ్యాట్ పట్టుకుని వస్తున్నది ముప్పై దాటిన ఆటగాడు, మోకాలికి పట్టీతో. సెక్షనంతా నా కాళ్ళవైపు చూస్తోంది. కాసేపట్లో ఆట వైపు చూసేవాళ్ళెవరూ ఉండరేమో అనిపించింది.

అప్పుడు ముసలాయన పక్కసీటు మీది పుస్తకం తీశాడు. రెండు చేతులతో పట్టుకుని, కష్టపడి వంగి, నా కుడికాలి ముందు సిమెంటు మీద పెట్టాడు. పెట్టడంలో అది తెరుచుకుంది.

"అబ్బాయ్, నేను అటు చూస్తాను" అన్నాడు మైదానంవైపు తల ఎగరేసి. "నువ్వూ అటే చూడు. చూడకపోతే తప్పు కాదన్నావు కదా."

నేను అలా అనలేదు. దాదాపు అలాంటిది అన్నాను. ఆయన మైదానంవైపు తిరిగాడు. నేను కూడా తిరగవలసింది. కానీ తెరుచుకున్న పేజీ కనబడింది. గళ్ళనిండా చిన్న చిన్న అంకెలు, గీతలు. వాటి అంచున సన్నటి అక్షరాలతో ఆవిడ రాసుకున్న మాటలు. ఏడో ఇన్నింగ్స్‌లో వాన, ఆట ఆపారు. ఈయనకి కోపం వచ్చింది. పల్లీలన్నీ నేనే తిన్నాను.

అంత చదివాక కాలు లేవలేదు. లేచింది నిజానికి, లేచి, పుస్తకం పక్కన అరంగుళం దూరంలో దిగింది. పైనుంచి చూసేవాళ్ళకి తగిలినట్టే ఉంటుంది. నేను వంగి పుస్తకం తీసి కళ్ళకద్దుకున్నాను. వెనక గంట మోగింది. రెండువేల మందిని మోసం చేస్తున్నానని నాకు తెలుసు. దానికి ఫలితం ఇప్పుడే కనబడుతుందని కూడా తెలుసు.

మోకాలిపట్టీ ఆటగాడు రెండో బంతిని కొట్టాడు. మంచి చప్పుడే వచ్చింది. అందరూ లేచారు. బంతి ఎత్తుగా, దూరంగా, కుడివైపు కంచెమీదికి వెళ్ళింది. ఫీల్డరు వెనక్కి నడిచి, కంచెకి వీపు ఆనించి, చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. అంతే. రెండువేల మంది ఒకేసారి కూర్చున్న చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. చెక్క కుర్చీల చప్పుడు అది.

గంటమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. భుజంమీద చెయ్యి వేసి, నీ చేతనైంది నువ్వు చేశావు హనీ, అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తరవాత ఆవిడ సంచిలోంచి ఒక స్పానర్, ఒక స్క్రూడ్రైవర్ తీసి, డాక్టర్‌ని పిలిచి, తన సీటు విప్పడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల చాలామంది అదే పనిలో ఉన్నారు. పోలీసులు చూసీ చూడనట్టున్నారు. ఎక్కడ చూసినా మిల్లు మనుషులు మోకాళ్ళమీద కూర్చుని, ఏ బోల్టు ఏ వైపు తిప్పాలో ఒకరికొకరు చెప్పుకుంటూ, తమ కుర్చీలను నీటుగా విప్పుకుంటున్నారు. డాక్టర్ వచ్చి, సార్, మీవి రెండూ తీసివ్వమంటారా అని ముసలాయన్ని అడిగాడు. వద్దు, ఇల్లు చిన్నది అన్నాడు. ఆ ఇంట్లో కింద నాలుగు గదులు ఖాళీ.

జనం పలచబడ్డాక నేను ఉండబట్టలేకపోయాను. "సార్, నా కాలు తగల్లేదు" అన్నాను.

"తెలుసు."

"మీరు అటు చూస్తానన్నారు."

"అన్నాను." పుస్తకం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "తగిలి ఉంటే నిన్ను గది ఖాళీ చేయమనేవాణ్ణి" అన్నాడు. నవ్వలేదు. అది హాస్యమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మరి ఎందుకు పెట్టారని అడగబోయి ఆగాను. ఆయనే, ఇంకో వారం దొరుకుతుందేమో అనుకున్నాను అన్నాడు. ఖాళీ మైదానంలో పనివాడొకడు, రేపు ఆట ఉన్నట్టే, మట్టిని చదును చేస్తున్నాడు. అతను ముగించేదాకా ఆయన కూర్చున్నాడు.

ఆ వారమంతా నేను నిద్రపోలేదు. కాలు ఆనించి ఉంటే బంతి ఇంకో గజం దూరం పోయేదని లెక్కలు వేసుకున్నాను. (బంతి వేగం, గాలి వాలు, కంచె ఎత్తు అన్నీ వేసి ఒక కాగితం నింపాను. అందులో నా కాలికి ఏ గుర్తు వాడానో డాక్టర్‌కి చూపించలేదు.) ముసలాయన మరో మూడేళ్ళు బతికాడు. నేను అప్పటికి వేరే ఊరు వెళ్ళిపోయాను, ఆయన పోయిన సంగతి ఒక నెల ఆలస్యంగా తెలిసింది. మైదానం ఉన్నచోట మొదట కార్లు ఆపుకునే స్థలం చేశారు. తరవాత ఏం కట్టారో చూడలేదు.

కానీ నాకు ఎక్కువ గుర్తొచ్చేది ఆ ఆదివారం కాదు, దాని మర్నాడు. సోమవారం సాయంత్రం ఆరింటికి నేను అలవాటుగా తాళాలు తీసుకుని కిందికి దిగాను. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని కారులో ముందు సీటులో కూర్చుని ఉన్నాడు. వీధి చివర మలుపు దాకా వెళ్ళాక, ఇక ఆట లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేను కారు ఆపాను. వెనక్కి తిప్పమంటారా అన్నాను. ఆయన "పోనివ్వు, ఎటైనా" అన్నాడు. ఎటు పోవాలో నాకు తెలియలేదు. ఊరి చుట్టూ ఒకసారి తిరిగాం. ఎవరింటి ముందో ఒకావిడ బట్టలు తీస్తోంది. ఇంకోసారి తిరుగుదామా అన్నట్టు ఆయన చేత్తో సైగ చేశాడు, ఇంకోసారి తిరిగాం.

నాకిప్పుడు ఆయన వయసు దాటింది. మా ఆవిడ పోయి రెండేళ్ళు. ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక జట్టు ఓటమికి తన కాలే కారణమని వారంపాటు కుమిలిపోయినవాడు, పక్కన కూర్చున్న మనిషి ఇంటికి ఎందుకు వెళ్ళనంటున్నాడో అర్థంకాక, పొయ్యిమీదికి పప్పు నానబోసి వచ్చానే అనుకుంటూ, రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.